దీపంల నూనె వోసినామె

బుధవారం మధ్యాహ్నం, సుబేదారిలో,
ఫ్యాను తిరగని గదిలో
గోథిక్ నవల చెప్తాను నేను.
పరకాల బస్సు, నర్సంపేట బస్సు దించిపోయిన
ఇరవై ఇద్దరు ఆడపిల్లలు, ఒక్క మగపిల్లాడు.

బోర్డు మీద కోట గీస్తాను.
కోటకో బురుజు, బురుజుకో కిటికీ,
కిటికీలో తెల్లబట్టల అమ్మాయి, చేతిలో దీపం.
నాకు బొమ్మలు రావు. దీపం బెండకాయలా ఉందని నవ్వుతారు.

ఎనిమిదేళ్లుగా ఇవే మాటలు:
ఫలానా తలుపు తెరవొద్దంటారు, ఆమె తెరుస్తుంది,
కథ అక్కడ్నుంచే.
భయపడుతుంది, నిజమే,
కాని ఆ ఇంట్లో అడుగు ముందుకేసేది ఆమే.
కోట రాసుంది మగవాళ్ల పేరు మీద.
కోటను చదివింది మాత్రం ఆమె:
గోడ వెనక ఊపిరిని,
మెట్టు మీద ఎంత కడిగినా పోని మరకను,
పటంలోని పెద్దమనిషి పెదవి వంపును.
పై అంతస్తులో, తాళం వెనక, ఇంకొకామె.
పిచ్చిదంటారు. రాత్రయితే ఆమె నవ్వు మెట్లు దిగుతుంది.
కిందామె, పైనామె
ఒక్కరేనని రాయండి, పది మార్కులొస్తాయి.

రాసుకుంటున్నారు.
రవళి రాయలేదు.
పెన్ను మూత కొరుకుతూ లేచింది.
"మేడం, ఆ దీపంల నూనె ఎవలు వోసిన్రు?"

పుస్తకం తిరగేశాను.
నాలుగు వందల పేజీలు, తొమ్మిది దీపాలు,
ఎక్కడా నూనె లేదు.

"మా ఊర్ల గడి ఉండె మేడం, గిప్పుడు ఎరువుల గోదాం.
మా తాతమ్మ ఓదెమ్మ
దొరసాని పెండ్లికి బిందెలతోటి, పట్టెమంచంతోటి
ఆడబాపగ అచ్చింది.
దొరసాని పరదాల అచ్చింది, తాతమ్మ బండెనుక నడిచి అచ్చింది.
అటెన్క ఇద్దరూ బయటికి పోలే.

రాత్రి దొరసాని ముందట లాంతరు వట్టేది తాతమ్మనే.
ఏ తలుపు కిర్రుమంటదో, ఏది అననే అనదో,
దొర ఏ రాత్రి ఎవల తలుపు కొడుతడో
అన్నీ ఆమెకెరుక.
ఆమె తలుపుకు గొళ్లెమే లేకుండె.

ఓ రాత్రి నూనె వొయ్యలే. గంతే.
చీకట్ల దొరసాని ఎవలో, ఆడబాప ఎవలో
గోడలకు సుత తెల్వలే.
తెల్లచీర కోసం దివిటీలు వట్టి
పత్తిచేండ్లన్నీ దేవులాడిన్రట.
ఇద్దరూ తాతమ్మ ముతక చీరలే కట్టిన్రు."

కూర్చుంది.
పెన్ను మూత మళ్లీ నోట్లో పెట్టుకుంది.

"మరి దొరసాని ఏమైంది?" ఎవరో అడిగారు.
"నాయనమ్మకు ఇద్దరమ్మలు," అంది రవళి.
"ఎవలు కన్నరో ఆమె జెప్పలే. మేం అడగలే."

బయట వాన ఎత్తుకుంది.
డస్టర్‌తో దీపం తుడిచేశాను.
చెయ్యి మాత్రం మిగిలింది, ఏమీ పట్టుకోకుండా.
వెనక బెంచీ నుంచి ఆ ఒక్క పిల్లాడు:
"ఇది పరీక్షల వస్తదా మేడం?"

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు.
చీకట్లో వంటింట్లో గిన్నెల చప్పుడు.
మూడేళ్ల నుంచి వస్తుంది ఆమె.
ఏ అల్మారీ ఎలా మూలుగుతుందో,
నేను ఏ రోజుల్లో ఏడుస్తానో ఆమెకు తెలుసు.
నేను బాబు వాళ్లమ్మా అని పిలుస్తాను.

ఫోను లైటు ఆర్పేసి, గుమ్మంలో నిలబడి
నీ పేరేంటని అడిగాను.

గిన్నెల చప్పుడు ఆగింది.
"ఎందుకమ్మా," అంది చీకట్లోంచి,
"ఏం పోయింది ఇంట్ల?"